హనుమాయమ్మ పడుకుని చూసిన టీవీ

రేపల్లెలో హనుమాయమ్మను వెంటబెట్టుకోకుండా పెళ్లి చీరలు కొన్నవాళ్లు తర్వాత ఏడ్చారని ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది ఆవిడే అయినా అయ్యుండచ్చు, అది వేరే సంగతి. మాటలో మాత్రం అబద్ధం లేదు. చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి. పెళ్లయి రేపల్లె వచ్చాక ఇంట్లోనే చీరలు పెట్టుకుని అమ్మింది. చీర చేతికిస్తే ముందు తిరగేసి వెనకవైపు చూస్తుంది. తర్వాత దాన్ని కొట్టు గుమ్మం బయటికి పట్టుకొచ్చి ఎండలో విప్పుతుంది. "లైట్ల కింద అన్నీ మహారాణులేనమ్మా, ఎండలోకి రమ్మను, ఎవరెవరో తెలుస్తుంది" అంటుంది. ఆవిడ మెట్లెక్కుతుంటే కొట్టువాళ్లకు తల ప్రాణం తోకకొచ్చేది. అయినా లేచి కుర్చీ వేసేవాళ్లు, ఎందుకంటే ఆవిడ బాగుందన్న చీర ఇక కొట్లో మిగిలేది కాదు.

అలాంటి హనుమాయమ్మ రెండువేల తొమ్మిది ఎండాకాలంలో టీవీ కొనడానికి బయల్దేరింది. టీవీల గురించి ఆవిడకు తెలిసిందల్లా, స్విచ్చి వేస్తే వెలుగుతుందని. ఆ పైన ఇంకేదైనా తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

ఆవిడ భర్త నాగమల్లేశ్వరరావు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఈల వేస్తే గోల చేసే పిల్లలు కూడా కర్రల్లా నిలబడేవాళ్లు. సాయంత్రాలు క్రికెట్ అంపైరు. బాపట్లలో టోర్నమెంటు పెట్టినా, చుండూరు కుర్రాళ్లు తమలో తాము పందెం వేసుకున్నా, తెల్లకోటు తగిలించుకుని వెళ్లి నిలబడేవారు. ఆయన అవుటంటే అవుటే, కన్నతండ్రి వచ్చి బతిమాలినా అంతే. ఆ మనిషి చలికాలం చివర్లో స్కూటరు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. తెనాలిలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక చక్కగా అతుక్కుంది కానీ మాస్టారు మాత్రం మంచం మీంచి లేవలేదు.

"నేను చేయాల్సింది చేశానమ్మా" అన్నాడు డాక్టరు. "ఇక ఆయన లేచి కూర్చోవాలి. కాళ్లు కిందికి పెట్టాలి. ఇంకో రెండు నెలలు ఇలాగే పడుకుని ఉంటే కీళ్లు బిగుసుకుపోతాయి, తర్వాత నేనేం చేసినా లేవలేరు."

లేపబోతే మాస్టారు కెవ్వుమనేవారు. నొప్పి కొంత, భయం చాలా. డ్రిల్లు మాస్టారు భయపడ్డారంటే ఊళ్లో ఎవరూ నమ్మరు గానీ హనుమాయమ్మకు తెలుసు. లేపబోయిన ప్రతిసారీ ఆవిడ చెంగు గట్టిగా పట్టుకునేవారు. "రేపు చూద్దాంలే" అని గోడవైపు తిరిగేవారు. తర్వాత ఆ రెండు ముక్కలు కూడా అనడం మానేశారు. అడిగితే ఊఁ, తింటారా అంటే ఉహూఁ. ఇల్లంతా వినబడేలా మాట్లాడే మనిషి అలా అయిపోతే హనుమాయమ్మకు గుండెల్లో రాయి పడ్డట్టయింది.

మ్యాచ్ పెడితే అయినా ఇటు తిరుగుతారేమోనని ఇంట్లో ఉన్న పాత పోర్టబుల్ టీవీని మంచం దగ్గరికి జరిపి పెట్టింది. ఆయన ఒక్క ఓవరు చూసి, "ఇందులో బంతేదో చీమేదో తెలియడం లేదు, తీసెయ్" అని మళ్లీ గోడవైపు తిరిగిపోయారు. ఎన్నో రోజుల తర్వాత ఆయన నోటి వెంట వచ్చిన అంత పొడుగు మాట అదే. హనుమాయమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది. బంతి కనపడటం లేదన్నారంటే, బంతి చూడాలని ఉందన్నమాట.

"కొత్త టీవీ కొంటాను, పెద్దది, గోడలా పల్చగా ఉండేది" అని ప్రకటించింది.

వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. బాపట్లలో బట్టల కొట్టు నడుపుతున్న తమ్ముడు పూర్ణచంద్రరావు ఫోనులోనే నవ్వాడు. "అక్కా, బావని లేపమని డాక్టరు చెబితే నువ్వు టీవీ కొంటానంటావేంటి? అది వస్తే ఇంకేం లేస్తాడు? హాయిగా పడుకుని చూస్తాడు."

"ముందు గోడవైపు నుంచి ఇటు తిరగనీరా. తిరగని మనిషి లేస్తాడా?" అని ఫోను పెట్టేసింది. పెట్టేసింది గానీ ఆ మాట లోపల ముల్లులా దిగింది. వాడన్నట్టే అయితే? తన చేత్తో తనే ఆయన్ని ఆ మంచానికి కట్టేస్తోందా?

ఆ వారమే తమ్ముడింట్లో సత్యనారాయణ వ్రతం. మాస్టారిని పక్కింటి ఝాన్సీకి అప్పజెప్పి హనుమాయమ్మ బాపట్ల వెళ్లింది. గుమ్మంలోకి అడుగు పెట్టగానే హాల్లో గోడకు కొత్త ముప్పై రెండు అంగుళాల ఫ్లాట్ టీవీ. వ్రతం జరుగుతుంటే టీవీ ఎందుకంటే, వచ్చినవాళ్లు చూడాలిగా! గొంతు నొక్కేసి బొమ్మ మాత్రం ఆడిస్తున్నాడు పూర్ణచంద్రరావు. నిలబడి చూస్తే నిజంగానే కళ్లు చెదిరిపోయాయి. నల్లటి అంచు అద్దంలా మెరుస్తోంది, బొమ్మలో పూలు చేతికి అందేలా ఉన్నాయి.

"ఇదే కంపెనీ, ఇదే మోడలు, రేపటికల్లా నీకు పంపించేస్తానక్కా" అన్నాడు తమ్ముడు. హనుమాయమ్మ కాస్తలో సరే అనేసేదే. ఈలోగా పంతులుగారు కథ మొదలెట్టారు, ఆడవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. ఆవిడా కూర్చుంది. కథ మధ్యలో తల ఎత్తి టీవీ వైపు చూసి ఉలిక్కిపడింది. ఇందాక పచ్చగా మెరిసిన యాంకరమ్మాయి మొహం ఇప్పుడు నల్లగా, కళ్లు తెల్లగా, ఫొటోల కొట్లో నెగటివ్ లాగా ఉంది. కాస్త లేచి చూసింది, మొహం బాగానే ఉంది. కూర్చుంది, మళ్లీ దయ్యమే. పక్కనున్నామె "ఏంటి వదినా, మోకాళ్లు పట్టేశాయా?" అని అడిగింది కూడా.

"ఒరే పూర్ణా, కింద కూర్చుంటే నీ టీవీ ఏడుస్తోందిరా" అంది వ్రతం అయ్యాక.

"కుర్చీలో కూర్చుని చూడాలక్కా దీన్ని!"

కుర్చీలో కూర్చునేవాళ్ల సంగతి సరే, మంచంలో పడుకునే మనిషో? ఆయన తల ఎక్కడుంటుంది, టీవీ ఎక్కడుంటుంది? కిటికీ పక్కన మంచం, కాళ్లవైపు మూలన టీవీ. ఆయన కింద నుంచీ పక్క నుంచీ చూడాలి. చీరైనా అంతే కదా, కట్టుకున్నదాని కంటే ఎదురుగా పక్కగా ఉన్నవాళ్లే ఎక్కువ చూస్తారు. హనుమాయమ్మకు తన విద్య మీద తనకు మళ్లీ నమ్మకం వచ్చింది. తమ్ముడు ఎంత మొత్తుకున్నా వినకుండా మర్నాడు పొద్దున్నే తెనాలి రైలెక్కింది.

తెనాలి బోసు రోడ్డులో కొత్తగా తెరిచిన షోరూమ్. గోడ నిండా టీవీలు, అన్నిట్లో ఒకే రంగు చేపలు ఒకేసారి తోక ఊపుతున్నాయి. ఏసుబాబు అని మీసాలాయన, అమ్మకాలు చూసేవాడు, ఎదురొచ్చాడు.

"రండమ్మా. ఏ బడ్జెట్లో చూపించమంటారు?"

"బడ్జెట్ తర్వాత. ముందు చేపల్ని తీసెయ్ నాయనా. చేప అసలు ఏ రంగులో ఉంటుందో నేను చూశానా, నువ్వు చూశావా? మనిషిని చూపించు."

ఏసుబాబు నవ్వి కేబుల్ వైరు పెట్టాడు. వార్తలు చదివే ఆయన వచ్చాడు. హనుమాయమ్మ దగ్గరికెళ్లి ఆ మొహాన్ని పరీక్షగా చూసి, "ఈయన దుగ్గిరాల యార్డులో పసుపు మూటల మధ్య నుంచి నేరుగా వచ్చినట్టున్నాడే!" అంది. కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. షోరూమ్ వెలుతురు కోసం రంగులు పెంచి పెడతామని, ఇంట్లో తగ్గించుకోవచ్చని చెప్పి ఏసుబాబు రిమోటుతో తగ్గించాడు. పసుపు కొంత దిగింది. "ఆఁ, ఇప్పుడు తల్లి కన్న మొహంలా ఉంది" అంది.

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతే ఆవిడ తన జీవితంలో చేసిన అతి పెద్ద తెలివితక్కువ పని చేసింది. "దీన్ని గుమ్మంలోకి పట్టండి, ఎండలో చూడాలి" అంది.

"ఎండలోనా అమ్మా?" ఏసుబాబు నోరెళ్లబెట్టాడు. మేనేజరు రఘురామ్ లేచి వచ్చాడు. మర్యాదస్తుడు, పైగా కొత్త కొట్టు, బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేదు. ఇద్దరూ కలిసి, పొడుగు వైరు లాగి, టీవీని మోసుకొచ్చి గుమ్మంలో బల్ల మీద పెట్టారు. తెనాలి ఎండ ఫెళ్లుమని దాని మొహాన పడింది. అంతే, అందులో వార్తలాయన మాయం. బొమ్మ లేదు, రంగు లేదు. నల్లటి అద్దంలో హనుమాయమ్మ బొట్టూ, ఆవిడ వెనక బోసు రోడ్డులో పోయే ఆటోలూ కనిపించాయి.

"నా మొహమే చూసుకోవడానికి దీనికి కరెంటెందుకు!" అని ఆవిడే ముందు పకపకా నవ్వింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అయినా నవ్వింది. ఎండలో చీర రంగు తేలుతుంది, టీవీ రంగు చచ్చిపోతుంది. ఇన్నేళ్ల అనుభవం గుమ్మంలోనే బోర్లాపడింది. రోడ్డు మీద నిలబడిపోయిన జనం కూడా నవ్వుతున్నారు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగింది. వెళ్లిపోదామా అనిపించింది. తమ్ముడు పంపిస్తానన్నదే పెట్టుకుంటే పోలా? అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో మంచం కిటికీ పక్కనే. మధ్యాహ్నం అటునుంచే వెలుతురు. అద్దంలా మెరిసేది పెడితే ఆయనకు రోజంతా కిటికీ ఊచలే కనిపిస్తాయి. అంటే గుమ్మంలోకి తెప్పించడం మరీ అంత దండగేం కాలేదు.

"మెరవని మొహం ఉన్నవి ఏవి నాయనా?" అంది లేచి.

ఏసుబాబు కొన్నిటిని చూపించాడు. హనుమాయమ్మ వాటి ఎదుట అటూ ఇటూ నడిచింది, ఒంగింది, మెడ వంచింది. లాభంలేదు. ఆయన కళ్లు ఉండే చోట తన కళ్లు ఉంటే తప్ప తేలదు. సంచిలోంచి తుండుగుడ్డ తీసింది. రెండు ఫ్రిజ్జుల మధ్య గచ్చు మీద పరిచింది. చీర చెంగు బిగించుకుని దాని మీద నిక్షేపంగా వెల్లకిలా పడుకుంది.

"అయ్యయ్యో! పడిపోయారు! సోడా తెండి!" రఘురామ్ కేకేశాడు.

"నేను బాగానే ఉన్నాను బాబూ, కంగారుపడకండి. మా ఆయన మంచం మీద ఇలాగే ఉంటారు. ఒక్కోటే వెలిగించండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏంటండీ ఇది, నిద్రపోవడానికి వచ్చారా?" అన్నాడు వాషింగ్ మెషీను చూడ్డానికి వచ్చిన ఒకాయన. హనుమాయమ్మ తల తిప్పలేదు. రఘురామ్ మాత్రం సంగతి అడిగి, మాస్టారి కథంతా విని, తనే వంగి టీవీ బల్ల ఎత్తు సరిచేశాడు. "ఇంట్లో ఈ ఎత్తులో ఉంటుందాండి?" అని అడిగాడు.

అన్నిట్లోకీ ఖరీదైనదాన్ని మొదట వెలిగించారు. కింద నుంచి చూస్తే మొహాలు నల్లబడ్డాయి, తమ్ముడింట్లో దయ్యమే ఇక్కడా. ఇంకోటి నల్లబడలేదు గానీ పక్కకు జరిగి చూస్తే పదిసార్లు ఉతికిన వాయిలు చీరలా వెలిసిపోయింది. మూడోదాంట్లో రంగు నిలిచింది. హనుమాయమ్మకు ఆశ పుట్టి "క్రికెట్ పెట్టండి" అంది. ఏదో పాత మ్యాచ్ వస్తోంది. బౌలరు విసిరాడు. బంతి వెనకాల తోకలాగా తెల్లటి చార.

"బంతికి తోకేంటయ్యా? మా ఆయన అంపైరు. తోకున్న బంతిని ఒప్పుకోరు."

చివరికి మూలనున్న దానివైపు వేలు చూపించింది. అంచు మందంగా, మెరుపూ మురిపెం లేకుండా, చూడగానే ఎవరూ అడగనిది. ఏసుబాబు దాన్ని ఎదుటికి తెచ్చి వెలిగించాడు. పడుకుని చూసింది, మనిషి మనిషిలాగే ఉన్నాడు. పక్కకు దొర్లి చూసింది, అలాగే ఉన్నాడు. గ్లాసు తలుపు తీయించి వెలుతురు రానిచ్చింది, కాస్త పాలిపోయినా నిలబడ్డాడు. బౌలరు పరిగెత్తుకొచ్చాడు. బంతి గుండ్రంగా, తోకా చారా లేకుండా వెళ్లి బ్యాటుకు తగిలింది. బ్యాటు కింద లేచిన దుమ్ము కూడా కనబడింది.

"ఇదీ!" అని లేచి కూర్చుంది హనుమాయమ్మ. జుట్టు చెదిరి, చీరంతా నలిగి, మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఇది మధ్యరకంది కదమ్మా, దీనికంటే మంచివి…" అనబోయాడు ఏసుబాబు. "ధర చూసి మంచిదంటావా, నేల మీంచి చూసి మంచిదంటావా? కావాలంటే నువ్వూ పడుకో!" అంది. ఏసుబాబు నిజంగానే పక్కన పడుకుని చూశాడు. తర్వాత ఆ వాషింగ్ మెషీనాయన కూడా ఒకసారి వంగి చూసి, "నిజమేనండోయ్" అన్నాడు. బేరం దగ్గర హనుమాయమ్మ ఏమాత్రం తగ్గలేదు, అది వేరే చెప్పాలా? రఘురామ్ స్టాండు ఊరికే ఇచ్చి, ఏసుబాబుని తోడిచ్చి, కొట్టు వ్యానులో ఆవిణ్ణీ టీవీనీ కలిపి రేపల్లె పంపించాడు.

బిగించి, కేబులు పెట్టి, మ్యాచ్ వేసి హనుమాయమ్మ ఏమీ ఎరగనట్టు బియ్యం ఏరుతూ కూర్చుంది. మాస్టారు గోడవైపే ఉన్నారు. జనం హోరు వినిపించింది. కాసేపటికి మెడ కదిలింది. ఇంకాసేపటికి మొహం ఇటు తిరిగింది.

"ఎవరు బౌలింగ్?" అన్నారు.

హనుమాయమ్మ చేతిలో చాట పక్కన పెట్టేసింది. జవాబు తెలియదు, అయినా "మీరే చూడండి" అంది.

ఆ రోజు నుంచి ఆయన గోడవైపు తిరగలేదు. మ్యాచ్ ఉన్నంతసేపూ చూసేవారు, చూస్తూ తినేవారు, మధ్యలో ఒక మాటా అరా అనేవారు. కానీ లేవలేదు. కూర్చోబెడతానంటే, "ఇక్కణ్ణుంచి బ్రహ్మాండంగా కనబడుతోంది, ఎందుకూ?" అనేవారు. పూర్ణచంద్రరావు చూడ్డానికి వచ్చి, వాకిట్లోకి తీసుకెళ్లి, "చెప్పానా అక్కా" అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు, దిగులుగానే అన్నాడు. అందుకే ఆవిడకు మరీ మండింది, మరీ భయమేసింది. పడుకుని చూడ్డానికి వీలుగా ఉండేదాన్ని వెతికి వెతికి కొంది తనే. డాక్టరు చెప్పిన గడువు దగ్గర పడుతోంది. ఆ టీవీని తీసి నూతిలో పారేద్దామన్నంత కోపం వచ్చింది ఒక రోజు.

మర్నాడు మధ్యాహ్నం మ్యాచ్. హనుమాయమ్మ వంటింట్లో పెసరట్టు తిప్పుతోంది. ఉన్నట్టుండి ముందు గదిలోంచి గ్రౌండు ఆ చివరికి వినబడే గొంతుతో కేక.

"నో బాల్! నో బాల్రా అది!"

పడిపోయారనుకుంది. అట్లకాడతోనే పరిగెత్తింది. గుమ్మంలో ఆగిపోయింది.

మాస్టారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి కిటికీ ఊచను పట్టుకుంది, రెండో చెయ్యి టీవీ వైపు చాచి ఉంది. కాళ్లు రెండూ నేల మీద ఉన్నాయి. మొహం ఎర్రగా కందిపోయింది.

"చూశావటే? కాలు గీత దాటింది! వాడు అవుటిచ్చాడు! అంపైరంటే నిద్రపోవడానికా? మళ్లీ చూపిస్తున్నాడు, చూడు!"

"ఏమండీ…"

"నన్ను చూస్తావేంటి, అటు చూడు!"

చూసింది. తెరమీద తెల్లగీత, దాన్ని పూర్తిగా దాటి ముందుకు పడ్డ బూటు, గీత పక్కన రాలిన సున్నం పొడి. కళ్లలో నీళ్లు నిండి తర్వాత ఇంకేం కనబడలేదు. ఏడుపూ కోపమూ ఒకేసారి పొంగుకొచ్చాయి.

"తెనాలంతా చూస్తుండగా కొట్లో నేల మీద పడుకున్నానండీ నేను! మీరు పడుకుని చూడాలి కదా అని! దొర్లి దొర్లి చూసి కొన్నాను! మీరేమో లేచి కూర్చుంటారా?"

"పడుకుని అంపైరింగ్ ఎవరైనా చేస్తారటే?" అన్నారు మాస్టారు చిరాగ్గా.

అన్నాక తన కాళ్లవైపు చూసుకున్నారు. పాదాలు గచ్చు మీద ఉన్నాయి. వేళ్లు మెల్లగా కదిపారు. ఊచను రెండో చేత్తో కూడా పట్టుకున్నారు.

"నొప్పిగా ఉందే హనుమా."

"ఉండనివ్వండి" అంది ఆవిడ. గబగబా వెళ్లి వీపు వెనక దిండ్లు పేర్చి, తన భుజం ఆనించి నిలబడింది. ఆయన బరువంతా ఆవిడ మీద పడింది. ఎన్నాళ్లకో కూర్చున్న మనిషి బరువు.

"కొంచెం పక్కకి జరుగు, ఓవరింకా అవలేదు" అన్నారాయన.

ఓవరయ్యింది. అయినా ఆయన పడుకోలేదు. "రేపు ఆ డాక్టరిచ్చిన చేతికర్ర కూడా ఇటు పెట్టు, నిలబడి చూద్దాం" అన్నారు. అప్పుడు హనుమాయమ్మ వీధి గుమ్మంలోకి పరిగెత్తి, అట్లకాడ గాల్లో ఊపుతూ, చీరలు అమ్మే రోజుల్లో కూడా ఎత్తనంత గొంతు ఎత్తింది.

"రండే! అందరూ రండి! పూర్ణాగాడికి ఎవరైనా ఫోను చెయ్యండి!"

ఝాన్సీ తడిచేతులతోనే వచ్చి లోపలికి తొంగిచూసింది. బొమ్మ చూసి, "అబ్బ, ఎంత బాగా కనబడుతోంది పిన్నిగారూ! మాకూ ఒకటి కొనిపెట్టరూ, తెనాలి ఎప్పుడెళదాం?" అంది.

"టీవీ సంగతి తర్వాత చూద్దాంలేవే" అంది హనుమాయమ్మ, ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహాన్ని మంచం వైపు తిప్పుతూ. "ముందు మా ఆయన్ని చూడు. కూర్చున్నారు."